టోర్నీ మాట వెనుక గుర్రాలు: మధ్యయుగ జౌస్టింగ్ ఎలా పుట్టింది, ఎలా మారింది, భాషలో ఏం మిగిల్చింది

తెలుగు పత్రికల ఆటల పేజీలో 'టోర్నీ' అనే మాట కనిపించని రోజు ఉండదు. క్రికెట్ టోర్నీ, చెస్ టోర్నీ, సంక్రాంతికి ఊళ్లో పెట్టే కబడ్డీ టోర్నీ. ఈ మాట పుట్టిన చోట బంతీ లేదు, గోల్‌పోస్టూ లేదు. గుర్రాలు, బల్లేలు, ఇనుము తొడుక్కున్న వందలాది మనుషులు, పట్టుబడినవాడి దగ్గర వసూలు చేసే సొమ్ము ఉండేవి.

మధ్యయుగ యూరప్ టోర్నమెంట్ అనగానే సినిమాలు, వెబ్ సిరీస్‌లు, వీడియో గేమ్‌లు ఒకే బొమ్మ చూపిస్తాయి. పొడవాటి చెక్క దడి, దానికి ఇటొక రౌతు, అటొక రౌతు. ఇద్దరూ ఎదురెదురుగా దూసుకొస్తారు, బల్లెం ఫెళ్ళుమని విరుగుతుంది, రాణి చేతిరుమాలు ఊపుతుంది. ఈ బొమ్మ అబద్ధం కాదు. అయితే దాదాపు ఐదు వందల ఏళ్లు సాగిన ఆటలో అది చివరి అంకం మాత్రమే. మొదటి మూడు వందల ఏళ్లలో ఆ దడే లేదు. ఈ తేడా తెలియకపోతే టోర్నమెంట్‌ను చర్చి ఎందుకు అంతగా వెంటాడిందో, రాజులు ఎందుకు భయపడ్డారో, ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ జాతీయాల్లో గుర్రాలూ బల్లేలూ ఇంకా ఎందుకు తిరుగుతున్నాయో అర్థం కాదు.

క్లుప్తంగా

టోర్నమెంట్ మొదట రెండు దండుల మధ్య పొలాల్లో సాగిన కొట్లాట. ఓడినవాడి గుర్రం, విడుదల సొమ్ము గెలిచినవాడివి. చర్చి 1130 నుంచి 1316 దాకా నిషేధించినా అది ఆగలేదు. ఇద్దరి మధ్య జరిగే జౌస్ట్ 13వ శతాబ్దం నుంచి ముందుకొచ్చింది, మధ్యలో దడి 15వ శతాబ్దంలో వచ్చింది. యూరప్ భాషల్లో మిగిలిన మాటలు ఈ దశల్లో ఒక్కోదాని నుంచి ఒక్కొక్కటిగా వచ్చాయి.

మొదట్లో అది కొట్లాటే

టోర్నమెంట్ పుట్టింది ఫ్రాన్స్‌లో, 11వ శతాబ్దంలో. 1066లో చనిపోయిన జొఫ్రువా ద ప్రోయి అనే యోధుడు దీన్ని కనిపెట్టాడని టూర్ నగరపు చరిత్ర గ్రంథం ఒకటి చెబుతుంది. ఆ గ్రంథం ఆయన పోయిన చాలా కాలానికి రాసింది. ఇలాంటి అలవాటును ఒక్క మనిషి కనిపెట్టాడంటే అక్షరాలా నమ్మనక్కర్లేదు గానీ, చోటూ కాలమూ మాత్రం సరిపోతున్నాయి.

కారణం యుద్ధ విద్యలో ఉంది. అంతకుముందు గుర్రం మీది యోధుడు బల్లేన్ని విసిరేవాడు, లేదా చేత్తో పొడిచేవాడు. 11వ శతాబ్దంలో దాన్ని కుడి చంక కింద గట్టిగా ఇరికించి పట్టే పద్ధతి పాకింది. ముందూ వెనకా ఎత్తుగా ఉండే జీను, కాళ్లు తన్ని పెట్టడానికి రికాబులు తోడయ్యాయి. దెబ్బ వెనుక ఉన్నది అప్పుడిక చేతి బలం ఒక్కటే కాదు, పరిగెత్తే గుర్రం బరువంతా. ఈ పని ఒక్కడికి చేతనైతే చాలదు. పదిమంది, ఇరవైమంది రౌతులు మోకాలికి మోకాలు ఆనించి ఒకే వరుసగా దూకాలి, ఎదుటి వరుసను చీల్చుకుని అవతలికి పోవాలి, కలిసే వెనక్కి తిరిగి మళ్లీ దూకాలి. రౌతు కొద్దీ గుర్రం అంటారు మనవాళ్లు. ఇక్కడ రౌతుల గుంపు కొద్దీ గుంపు గెలుపు. ఆ సాధనకు నిజం యుద్ధం దాకా ఆగితే ప్రాణాలు పోతాయి.

'టోర్నమెంట్' అన్న మాటలో ఉన్నది ఈ తిరగడమే. పాత ఫ్రెంచ్‌లో 'తొర్నొయే' అంటే గుర్రాన్ని తిప్పడం, గిర్రున తిరగడం. దాని వెనుక ఉన్న లాటిన్ మాటకు తరిమెన మీద తిప్పి నునుపు చేయడం అని అర్థం. ఇంగ్లిష్‌లో 'టర్న్', 'టూర్' కూడా ఆ వేరు నుంచి మొలిచినవే.

ఆట జరిగే తీరు ఇప్పటి స్టేడియం పోటీలకు చాలా దూరం. కొన్ని వారాల ముందు ఫలానా రోజున ఫలానా రెండు ఊళ్ల మధ్య టోర్నమెంట్ అని చాటించేవారు. వచ్చినవాళ్లు రెండు పక్షాలుగా చీలేవారు. సాధారణంగా ప్రాంతాన్ని బట్టి ఫ్రెంచ్‌వాళ్లు ఒకవైపు, నార్మన్లు, ఇంగ్లిష్‌వాళ్లు ఇంకోవైపు. ముందురోజు సాయంత్రం కుర్ర రౌతులు ఇద్దరిద్దరుగా తలపడేవారు, దాన్నే జౌస్ట్ అనేవారు. అప్పటికి అది అసలు ఆటకు ముందు జరిగే చిన్న హడావుడి మాత్రమే. తెల్లారాక అసలు కొట్లాట. హద్దులు లేవు. పంట చేలు, ద్రాక్ష తోటలు, వాగులు, ఊరి వీధులు అన్నీ అందులోవే. అలసినవాడు ఊపిరి తీసుకోవడానికి, కవచం సరిచేసుకోవడానికి దడి కట్టిన కొన్ని చోట్లు ఉండేవి, అక్కడ ఎవరూ ఎవరినీ పట్టుకోకూడదు. కత్తులూ బల్లేలూ యుద్ధంలో వాడేవే. చంపడం ఉద్దేశం కాదు, పట్టుకోవడం ఉద్దేశం. ఈ కొట్లాటకీ యుద్ధానికీ మధ్య ఉన్న గీత అదొక్కటే.

పట్టుకుంటే డబ్బు

ఈ ఆట ఎలా నడిచేదో చూపడానికి విలియం మార్షల్ జీవితాన్ని మించినది లేదు. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ప్రభువు ఇంట నాలుగో కొడుకుగా పుట్టాడు. పిత్రార్జితం వచ్చే ఆశ లేదు. 1219లో పోయేనాటికి అతను పెంబ్రోక్ ఎర్ల్, అంటే రాజు కింద పెద్ద ప్రభువుల్లో ఒకడు, పిల్లవాడైన రాజు మూడో హెన్రీ తరఫున దేశాన్నే నడిపినవాడు. మధ్యలో పదిహేనేళ్లకు పైగా టోర్నమెంట్లే అతని బతుకు. అతని జీవితాన్ని కొడుకులు, మిత్రులు దగ్గరుండి ఫ్రెంచ్‌లో పెద్ద పద్యకావ్యంగా రాయించారు కాబట్టే ఇంత వివరం దొరుకుతోంది.

1177 ప్రాంతంలో మార్షల్, రోజర్ ద గోజీ అనే ఇంకో రౌతు పొత్తు పెట్టుకున్నారు. ఎక్కడ టోర్నమెంట్ జరిగితే అక్కడికి కలిసి వెళ్లడం, వచ్చినది చెరిసగం పంచుకోవడం. ఒక పెంతెకొస్తు పండుగ నుంచి తర్వాతి లెంటు ఉపవాసాల దాకా, అంటే పట్టుమని పది నెలల్లో, 103 మంది రౌతులను పట్టుకున్నారు. గుర్రాలు, సామాన్లు ఇందులో లెక్క లేదు. ఈ సంఖ్య గాలికి చెప్పినది కాదు. మార్షల్ కొలువు చేసిన యువరాజు హెన్రీ, అంటే ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కొడుకు, అతని వంటశాల గుమాస్తా విగాన్ రాసుకున్న పద్దు అది. ప్రేమ కథల్లో వినిపించే వీరులకూ, వంటశాల పద్దు పుస్తకానికీ ఉన్న ఈ దూరం గుర్తుపెట్టుకోదగ్గది.

పట్టుకోవడం ఎలా? ఎదుటివాడి కళ్ళెం అందుకుంటే సగం పని అయినట్టే. గుర్రాన్ని లాక్కుంటూ తన పక్షం వైపు తీసుకుపోవాలి. ఆనే అనే ఊళ్లో జరిగిన టోర్నమెంట్‌లో మార్షల్ ఇలాగే సిమోన్ ద నోఫ్ల్ అనే రౌతు కళ్ళెం పట్టుకుని ఇరుకు వీధిలో లాక్కుపోతున్నాడు. దారిలో ఒక ఇంటి చూరుకు వాన నీళ్ల కాలువ కిందికి వేలాడుతోంది. సిమోన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని జీను వదిలేసి వేలాడాడు. మార్షల్ వెనక్కి చూడలేదు. వెనకే వస్తున్న యువరాజు హెన్రీ ఇదంతా చూసి కూడా నోరు మెదపలేదు. బసకు చేరాక మార్షల్ తన సేవకుడితో, ఈ రౌతును జాగ్రత్తగా తీసుకుపో అన్నాడు. ఏ రౌతు అని యువరాజు అడిగాడు. తిరిగి చూస్తే గుర్రం ఉంది, జీను ఉంది, మనిషి లేడు. అంతా పడీ పడీ నవ్వారు. గుర్రం మాత్రం మార్షల్‌దే అయింది.

ఇంకోసారి షాంపేన్ ప్రాంతంలోని ప్లేర్ అనే చోట, ఆట అయ్యాక ఆ రోజు మేటి రౌతు మార్షలేనని తేల్చి బహుమతిగా ఒక పెద్ద చేపను పంపారు. తెచ్చినవాళ్లకు అతను బసలో దొరకలేదు. చివరికి కమ్మరి కొలిమి దగ్గర కనిపించాడు, తల దాగలి మీద పెట్టి. దెబ్బలకు శిరస్త్రాణం నొక్కుకుపోయి తలకు బిగిసిపోయింది. కమ్మరి సుత్తితో, పట్టుకారుతో దాన్ని విప్పదీస్తున్నాడు.

ఈ ఆటలో యుక్తులు కూడా యుద్ధంలోవే. ఫ్లాండర్స్ కౌంట్ ఫిలిప్ తన దండుతో పక్కన నిలబడి, మిగతావాళ్లు కొట్టుకుని అలసి చెల్లాచెదురయ్యాక అప్పుడు దూకేవాడు. దీన్ని ఎవరూ మోసం అనలేదు. మార్షల్ దండు కూడా త్వరలోనే అదే నేర్చుకుంది.

ఇలా ఒకడు ఎదిగితే ఇంకొకడు చితికేవాడు. యుద్ధ గుర్రం ఖరీదు ఒక సామాన్య రౌతు ఏడాది రాబడిని మించిపోయే సందర్భాలుండేవి. రెండు టోర్నమెంట్లలో వరుసగా పట్టుబడితే పొలం తాకట్టుకు వెళ్లేది. అప్పులిచ్చేవాళ్లు, గుర్రాల వ్యాపారులు, కవచాలు బాగుచేసే కమ్మరులు, పాటలు కట్టేవాళ్లు అందరూ టోర్నమెంట్ వెంటే తిరిగేవారు. దాని చుట్టూ ఒక తిరుగుడు సంత ఉండేది. చర్చి తన నిషేధంలో వాడిన మాట కూడా అదే: 'అసహ్యమైన సంతలు'.

చర్చి వద్దంది, రాజు రుసుము పెట్టాడు

1130లో క్లెర్మాంట్ సభలో పోప్ రెండో ఇన్నోసెంట్ టోర్నమెంట్లను నిషేధించాడు. 1139లో రెండో లేటరన్ మహాసభ, 1179లో మూడో లేటరన్ మహాసభ మళ్లీ అదే చెప్పాయి. టోర్నమెంట్‌లో చచ్చినవాడికి చివరి ప్రార్థన దక్కుతుంది గానీ, చర్చి నేలలో సమాధి దక్కదు. అప్పటి క్రైస్తవుడికి ఇది చిన్న శిక్ష కాదు. మరణాలు నిజంగానే ఎక్కువ. ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కొడుకు, బ్రిటనీ డ్యూక్ జెఫ్రీ 1186లో పారిస్‌లో టోర్నమెంట్ దెబ్బలతో పోయాడని ఎక్కువ వృత్తాంతాలు చెబుతాయి. 1240 ప్రాంతంలో కొలోన్ దగ్గరి నోయిస్‌లో పదుల సంఖ్యలో రౌతులు చనిపోయారు. వాళ్లలో చాలామందిని చంపింది ఇనుప తొడుగుల్లోని వేడి, ఊపిరాడనివ్వని దుమ్ము.

అయినా నిషేధం పనిచేయలేదు. చర్చి వద్దన్న చోటే చర్చికి కావలసిన మనుషులు ఉండటం ఒక కారణం. 1199 నవంబర్‌లో షాంపేన్ కౌంట్ థిబో ఎక్రీలో టోర్నమెంట్ పెట్టాడు. అక్కడికొచ్చిన ప్రభువులు ఆయుధాలు పక్కనపెట్టి శిలువ పుచ్చుకున్నారు, అంటే చర్చి పిలిచిన మత యుద్ధానికి వెళ్తామని ప్రమాణం చేశారు. నాలుగో క్రూసేడ్‌కు అదే మొదలు. యోధులు గుమిగూడే చోటు అంతకంటే ఇంకోటి లేదు. చివరికి 1316లో పోప్ ఇరవై రెండో జాన్ నిషేధాన్ని ఎత్తేశాడు.

విలియం మార్షల్ మరణశయ్య మీద ఉండగా అతని రౌతుల్లో ఒకడు ఇదే ప్రశ్న ఎత్తాడు: జీవితంలో లాక్కున్నదంతా తిరిగి ఇవ్వనిదే మోక్షం లేదని మతగురువులు అంటున్నారే అని. తాను 500 మందిని పట్టుకున్నానని, వాళ్ల గుర్రాలూ ఆయుధాలూ తీసుకున్నానని, ఇప్పుడవి తిరిగివ్వడం తన వల్ల కాదని, అందుకు స్వర్గం తలుపు మూస్తే తాను చేయగలిగింది లేదని అతను జవాబిచ్చినట్టు ఆ కావ్యం రాసింది. ఆ తరం రౌతులందరి మనసులోనూ ఉన్న ఘర్షణ ఇది.

రాజుల భయం వేరు. వందలాది సాయుధులు ఒకచోట చేరితే అది ఆటో తిరుగుబాటో ముందుగా తెలియదు. అందుకే రెండో హెన్రీ ఇంగ్లండ్‌లో టోర్నమెంట్లను జరగనివ్వలేదు, కుర్రాళ్లు సముద్రం దాటి ఫ్రాన్స్ వెళ్లేవారు. అతని కొడుకు మొదటి రిచర్డ్ 1194లో దారి మార్చాడు. దేశమంతటిలో ఐదు చోట్ల మాత్రమే అనుమతి, దానికి ముందే రుసుము. ఎర్ల్ అయితే 20 మార్కులు, బారన్ అయితే 10, భూమి ఉన్న రౌతు 4, భూమి లేని రౌతు 2. ఒక మార్కు అంటే 160 వెండి పెన్నీలు. ఖజానాకు డబ్బు, సైన్యానికి శిక్షణ, గుంపుల మీద నిఘా, మూడూ ఒకే ఉత్తర్వుతో వచ్చాయి. చర్చి 186 ఏళ్లలో చేయలేనిది ఈ లైసెన్సు పద్ధతి చేయడం మొదలుపెట్టింది. ఆటను ఆపలేదు గానీ గీతల మధ్యకు తెచ్చింది.

రాజుల భయం ఉత్తిది కాదని 1215 చూపించింది. రాజు జాన్ మెడలు వంచి మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం మీద ముద్ర వేయించుకున్న బారన్లు, లండన్ మీద పట్టు పోకుండా ఉండాలని తమ టోర్నమెంట్‌ను నగరం దగ్గరికి మార్చుకున్నారు. గెలిచినవాడికి ఒక దొరసాని ఎలుగుబంటిని బహుమతిగా ఇస్తుందని ఆహ్వానంలో రాశారు.

గుంపు నుంచి ఇద్దరికి

13వ శతాబ్దంలో బరువు మెల్లగా గుంపు కొట్లాట నుంచి జౌస్ట్ వైపు జరిగింది. కారణాలు చాలా ఉన్నా, చూసేవాళ్లు రావడమే అన్నిటికంటే పెద్దదిగా తోస్తుంది. మైళ్ల కొద్దీ పొలాల్లో దుమ్ములో జరిగే కొట్లాటలో ఎవరు ఎవర్ని కొట్టారో ఎవరికీ కనబడదు. ఇద్దరే ఎదురెదురుగా వస్తే అందరికీ కనబడుతుంది, పేరూ వస్తుంది. ఊరి నడిబొడ్డున కూడా పెట్టవచ్చు. 'జౌస్ట్' మాటకు మూలార్థం 'దగ్గరికి రావడం', 'కలుసుకోవడం'.

ఆయుధాలకు మొద్దు మొనలు వచ్చాయి. బల్లెం చివర ఒకే పదును బదులు చిన్న కిరీటంలాంటి మూడు మొనల తొడుగు పెట్టేవారు. అది డాలును పట్టుకుంటుంది గానీ కవచంలోకి దిగదు. ఇంగ్లండ్‌లో 1292 నాటి ఆయుధ శాసనం టోర్నమెంట్‌లో మొనదేలిన కత్తులు వద్దంది. అయినా పదునైన మొనతో ఆడే 'యుద్ధపు జౌస్ట్' పూర్తిగా పోలేదు. 1390లో కలే పట్టణం దగ్గర సాంఇంగ్ల్‌వెర్‌లో బూసికో, మరో ఇద్దరు ఫ్రెంచ్ రౌతులు 30 రోజుల పాటు ఎవరొస్తే వాళ్లతో తలపడతామని చాటించారు. తమ గుడారాల దగ్గర రెండేసి డాళ్లు వేలాడదీశారు. ఒకటి శాంతికి, ఒకటి యుద్ధానికి. వచ్చినవాడు ఏ డాలును తాకిస్తే ఆ మొనతో ఆట. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది యుద్ధపు డాలునే తాకించారు. ముగ్గురూ దెబ్బలు తిన్నారు, ముగ్గురూ బతికారు.

దడి వచ్చింది ఆ తర్వాతే, 15వ శతాబ్దం మొదట్లో. మొదట తాడు మీద వేలాడదీసిన గుడ్డ, తర్వాత చెక్కలు. రెండు గుర్రాలు ఢీకొనకుండా ఆపడం దాని మొదటి పని. అయితే అది దెబ్బ స్వభావాన్నే మార్చేసింది. ఇద్దరూ దడికి తమ ఎడమ పక్క ఉంచి వస్తారు. బల్లెం కుడి చంకలో ఉంటుంది కాబట్టి దాన్ని గుర్రం మెడ మీదుగా ఎడమకు ఏటవాలుగా చాపాలి. సూటిగా తగిలితే మనిషి జీనులోంచి లేచిపోతాడు, ఏటవాలుగా తగిలితే బల్లెం విరుగుతుంది. దాంతో మనిషిని పడగొట్టడం కంటే బల్లెం విరగ్గొట్టడమే గెలుపు లెక్కయింది. బల్లేలను కూడా తేలిగ్గా విరిగేలా చేయడం మొదలైంది.

కవచం కూడా రెండుగా చీలింది. యుద్ధంలో తొడిగే పూర్తి కవచం 20 నుంచి 25 కిలోలుంటుంది. అందులో మనిషి పరిగెత్తగలడు, తనంతట తాను గుర్రమెక్కగలడు. రౌతును క్రేన్‌తో జీను మీదికి ఎత్తేవారన్నది సినిమా కల్పన. జౌస్ట్ కోసం ప్రత్యేకంగా చేసినవి 40 కిలోలు దాటేవి. వాటి శిరస్త్రాణం కప్ప నోరులా ముందుకు పొడుచుకొచ్చి, ఛాతీ పలకకు మరలతో బిగించి ఉంటుంది. లోపల తల కదులుతుంది, శిరస్త్రాణం కదలదు. కంటి సందు పైన ఎక్కడో ఉంటుంది. మనిషి ముందుకు వంగితేనే ఎదుటివాడు కనిపిస్తాడు. బల్లెం తగిలే చివరి క్షణంలో రౌతు నిటారుగా అవుతాడు. అప్పుడు సందు కాస్తా ఆకాశం వైపు తిరిగిపోయి కంటికి పేళ్లు తగలవు. అంటే దెబ్బ పడే క్షణంలో ఇద్దరికీ ఏమీ కనిపించదు.

లెక్కలు కూడా పద్ధతిగా వచ్చాయి. 1466లో ఇంగ్లండ్‌లో జాన్ టిప్టాఫ్ట్ రాసిన నియమాల ప్రకారం బల్లెం ఎక్కడ విరిగిందన్నదాన్ని బట్టి గెలుపు. గుర్రాన్ని కొట్టినవాడికి బహుమతి లేదు, దడిని మూడుసార్లు కొట్టినవాడికీ లేదు. ప్రతి రౌతు పేరు పక్కన గీతలు గీసిన కాగితాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఆటల చరిత్రలో మనకు దొరికే పాత స్కోరు పట్టీల్లో అవి కొన్ని.

ఆట నగరంలోకి రావడంతో వడ్రంగులకు పని పెరిగింది, ప్రమాదమూ పెరిగింది. 1331లో లండన్ చీప్‌సైడ్ వీధిలో మూడో ఎడ్వర్డ్ పెట్టిన టోర్నమెంట్‌లో రాణి ఫిలిప్పా, ఆమె చెలికత్తెలు కూర్చున్న చెక్క మంచె కూలిపోయింది. వడ్రంగులను శిక్షించబోతే రాణి మోకరిల్లి వాళ్లను కాపాడింది. 1390లో స్మిత్‌ఫీల్డ్‌లో రెండో రిచర్డ్ టోర్నమెంట్లకు మంచెలు కట్టించే బాధ్యత రాజు పనుల గుమాస్తాది. ఆ గుమాస్తా ఇంగ్లిష్ కవి జెఫ్రీ చాసర్.

1559లోనే ముగిసిందా?

టోర్నమెంట్ ఎందుకు ఆగిందంటే చాలా చోట్ల ఒకే జవాబు వస్తుంది: ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ మరణం. 1559 జూన్ 30న పారిస్‌లో సెయింట్ ఆంట్వాన్ వీధిలో, కూతురి పెళ్లి, చెల్లెలి పెళ్లి సంబరాల్లో రాజు స్వయంగా బరిలోకి దిగాడు. సాయంత్రమైంది, చాలించమన్నారు. ఆయన వినలేదు. తన అంగరక్షక దళ నాయకుడు గాబ్రియేల్ ద మాంగొమ్మరీతో ఇంకొక్కసారి అన్నాడు. మాంగొమ్మరీ బల్లెం విరిగింది. చేతిలో మిగిలిన ముక్కను అతను వెంటనే దించలేకపోయాడు. దాని పేడు రాజు ముఖకవచం సందులోంచి కుడి కంటి పైన దిగింది. ఆనాటి గొప్ప వైద్యులు ఆంబ్రోయిజ్ పారే, వెసేలియస్ ఇద్దరూ మంచం దగ్గరున్నా లాభం లేకపోయింది. జూలై 10న రాజు పోయాడు. వయసు 40.

దీన్ని నోస్ట్రడామస్ ముందే చెప్పాడన్న ప్రచారం తెలుగులో కూడా తరచూ వినిపిస్తుంది. ఆయన పద్యంలో రాజు పేరు లేదు, ఏడాది లేదు. దాన్ని ఈ మరణానికి ముడిపెట్టడం దశాబ్దాల తర్వాత మొదలైన పని.

ఈ మరణం ఫలితాలు పెద్దవి. సింహాసనం 15 ఏళ్ల కొడుక్కి వచ్చింది. ప్రభు కుటుంబాల మధ్య పోరు పెరిగింది, 1562లో మత యుద్ధాలు మొదలయ్యాయి. అయితే జౌస్టింగ్‌ను ఆపింది ఇదొక్కటే అనడం సరికాదు. ఇంగ్లండ్‌లో మొదటి ఎలిజబెత్ సింహాసనానికి వచ్చిన రోజైన నవంబర్ 17న ఏటేటా జౌస్టింగ్ సాగింది. ఆమె తర్వాత వచ్చిన జేమ్స్ కాలంలో, 1620ల దాకా అది బతికే ఉంది. అసలు కారణం యుద్ధరంగంలో ఉంది. ఈటెలు పట్టిన కాల్బలాలు, తుపాకులు, పిస్తోళ్లు పట్టిన తేలిక రౌతులు వచ్చాక బల్లెం చంకలో పెట్టి దూకే విద్యకు యుద్ధంలో పని తగ్గింది. యుద్ధంతో తెగిపోయిన ఆట రాజసభలో తమాషాగా మిగిలింది. ఖర్చు మాత్రం యుద్ధమంత. అలాంటిది ఎంతో కాలం నిలవదు. రాజు కంటిలో దిగిన పేడు ఆ ముగింపును ఫ్రాన్స్‌లో కొంత ముందుకు జరిపిందంతే.

మాటల్లో మిగిలినవి

ఆట పోయినా మాటలు పోలేదు. 'టోర్నమెంట్' అన్నిటికంటే పాత పొర నుంచి వచ్చింది, గుంపుగా దూకి గుంపుగా తిరగడం. 19వ శతాబ్దంలో మధ్యయుగాల మీద మోజు పెరిగిన ఇంగ్లండ్‌లో అది మామూలు ఆటలకూ పాకింది. 1851లో లండన్‌లో జరిగినది మొదటి అంతర్జాతీయ చెస్ టోర్నమెంట్. ఆ దారిలోనే అది మన స్పోర్ట్స్ పేజీకి చేరింది. జర్మన్‌లో ఈ వేరుకు ఇంకో కొమ్మ ఉంది. వ్యాయామ ఉద్యమం నడిపిన ఫ్రీడ్రిష్ యాన్ 1811లో బెర్లిన్‌లో మైదానం తెరిచి, జిమ్నాస్టిక్స్‌కు 'టూర్నెన్' అని పేరుపెట్టాడు. అది అచ్చ జర్మన్ మాట అని ఆయన నమ్మకం. నిజానికి అదీ లాటిన్ నుంచి వచ్చిందే.

బరి చుట్టూ కట్టిన దడిని ఇంగ్లిష్‌లో 'లిస్ట్స్' అనేవారు. అందులోకి రావడం ఇప్పుడు ఏ వాదనలోకైనా, పోటీలోకైనా దిగడం. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట మన దగ్గరే పుట్టింది: ఎన్నికల బరిలోకి దిగడం. బరి అంటే కూడా హద్దే, గీతే. గుర్రాల పోరు నుంచి ఒకటి, కుస్తీల నుంచీ కోడిపందేల నుంచీ ఇంకొకటి, ఒకదానితో ఒకదానికి సంబంధం లేకుండా ఒకే చోటికి చేరాయి.

'టిల్ట్' 15వ శతాబ్దపు పొర. ఇద్దరి మధ్య కట్టే దడి పేరే ఆటకు పేరైంది. 'ఫుల్ టిల్ట్' అంటే గుర్రాన్ని పూర్తి వేగంతో వదలడం. ఇంగ్లిష్‌వాడు వేగానికి గుర్రాన్ని తలుచుకుంటే, శరవేగం అనే తెలుగువాడు బాణాన్ని తలుచుకున్నాడు.

బల్లెం విరగడం గెలుపుగా లెక్కించిన కాలం ఇంకో జాతీయాన్ని ఇచ్చింది. జర్మన్, ఇటాలియన్, స్పానిష్, డచ్ భాషల్లో ఫలానావాడి కోసం బల్లెం విరగ్గొట్టాడంటే అతని తరఫున గట్టిగా మాట్లాడాడని. తెలుగులో వకాల్తా పుచ్చుకోవడం. ఇంగ్లిష్‌లో మాత్రం ఫలానావాడితో బల్లెం విరగ్గొట్టడం, అంటే అతనితో వాదానికి దిగడం. ఒకే దృశ్యాన్ని ఒక భాష ఎదురుగా ఉన్న ప్రత్యర్థి వైపు నుంచి చూసింది, మిగతావి మంచె మీద కూర్చుని చూస్తున్న మనిషి వైపు నుంచి చూశాయి. ఫ్రెంచ్‌లో జీను మీంచి పడగొట్టడం అనే మాటకు ఇప్పుడు కంగు తినిపించడమని అర్థం. జర్మన్‌లో జీనులో గట్టిగా కూర్చున్నవాడు అంటే విషయం మీద పట్టున్నవాడు.

అన్నీ నిజంగా పాతవి కావు. 'ఫ్రీలాన్స్' మధ్యయుగపు కిరాయి రౌతుల మాట అని ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తుంది. అలాంటి కిరాయి యోధులు నిజమే గానీ, ఆ పేరు వాళ్లది కాదు. అది 1819 చివర్లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల 'ఐవాన్‌హో'తో ప్రచారంలోకి వచ్చింది. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని కంపెనీలకు పనిచేసే ఫ్రీలాన్సర్ వాడేది 19వ శతాబ్దపు నవలా భాష.

ఉంగరం

గుర్రం మీది బల్లెం ఆటల్లో చివరిదాకా మిగిలినది ఎవరికీ దెబ్బ తగలని ఆట: వేలాడే చిన్న ఉంగరాన్ని పరుగెత్తే గుర్రం మీంచి బల్లెం మొనతో ఎత్తుకుపోవడం. క్రొయేషియాలోని సీన్య్ పట్టణంలో ఒట్టోమన్ల మీద 1715లో సాధించిన గెలుపు గుర్తుగా ఏటేటా ఆడే ఆల్కా ఇదే. యునెస్కో 2010లో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అమెరికాలోని మేరీలాండ్ 1962లో జౌస్టింగ్‌ను తన అధికారిక రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. అక్కడా ఆడేది ఉంగరాలతోనే.

17వ శతాబ్దంలో రాజసభల్లో ఈ గుర్రపు వేడుకలను 'కారుసెల్' అనేవారు. 1662లో పదునాలుగో లూయీ పారిస్‌లో పెట్టిన వేడుక పేరు అది జరిగిన చౌకుకు ఇప్పటికీ ఉంది. ఉంగరం సాధన కోసం చెక్క గుర్రాలను ఒక స్తంభం చుట్టూ తిరిగే చట్రానికి బిగించారు. కుర్ర దొరలు వాటి మీద కూర్చుని బల్లెం చాపి తిరిగేవారు. ఇంగ్లిష్, ఫ్రెంచ్ భాషల్లో రంగులరాట్నానికి పేరు ఆ 'కారుసెల్' నుంచే వచ్చింది. అమెరికాలో మిగిలిన కొన్ని పాత రాట్నాల పక్కన ఇప్పటికీ ఒక చెయ్యిలాంటి కొయ్య ఉంటుంది, దాని చివర ఉంగరాలు. బయటి వరుస గుర్రాల మీద కూర్చున్న పిల్లలు ప్రతి చుట్టుకూ వంగి ఒకటి లాక్కోవాలని చూస్తారు. ఇనుప ఉంగరాల మధ్య ఒక ఇత్తడిది ఉంటుంది. అది దొరికినవాడికి ఇంకో చుట్టు ఉచితం.